ఒక పళ్లెం, నాలుగు తేదీలు

మట్టి చెప్పిన చరిత్ర – 8వ భాగం

పాత ఇంగ్లిష్ పింగాణీ సామాను చేతికి రాగానే ఎవరైనా మొదట చేసే పని దాన్ని బోర్లించి అడుగు చూడటం. అడుగున కంపెనీ ముద్ర ఉంటుంది, పేరు ఉంటుంది, ఒక్కోసారి అంకెలూ ఉంటాయి. పేరు చదివి, ఆ ముద్రను ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా వాడారో పట్టికలో చూసి, తేదీ తేలిపోయిందనుకుంటారు. క్లారిస్ క్లిఫ్ పేరున్న సామాను విషయంలో ఈ పద్ధతి చాలదన్నది ఈ భాగంలో నా వాదన. ఒక పళ్లానికి ఒక తేదీ ఉండదు, నాలుగు ఉంటాయి: మట్టి అచ్చులో పడిన తేదీ, ఆ ఆకారం కంపెనీలో మొదలైన తేదీ, ఆ బొమ్మ పుట్టిన తేదీ, రంగులద్ది ముద్ర వేసిన తేదీ. నాలుగూ ఒకటే కానక్కర్లేదు. వాటిలో అన్నిటికంటే ఆలస్యమైనది ఏదో, వస్తువు అంతకంటే పాతది కాలేదు. ఈ తర్కం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. రాగి రేకు మీద ఒక రాజు పేరూ శక సంవత్సరమూ ఉన్నంత మాత్రాన ఆ శాసనం ఆ రాజు వేయించిందేనని మన శాసన పరిశోధకులు ఒప్పుకోరు. లిపి చూస్తారు, భాష చూస్తారు, రేకునే పరీక్షిస్తారు. లిపి తర్వాతి శతాబ్దానిదైతే అది నకలో కూట శాసనమో అని తేలుస్తారు. పింగాణీ అడుగున ఉన్న పేరునూ అదే కంటితో చదవాలి.

ముందు ఆ పేరు ఎవరిదో చూద్దాం. గత భాగంలో చెప్పుకున్న ఆరు కుమ్మరి పట్టణాల్లో ఒకటి టన్‌స్టాల్. 1910లో ఆ ఆరూ కలిసి స్టోక్-ఆన్-ట్రెంట్ అయ్యాయి. క్లారిస్ క్లిఫ్ 1899 జనవరి 20న ఆ టన్‌స్టాల్‌లో పుట్టింది. తండ్రి ఇనుప ఫౌండ్రీలో కార్మికుడు. పదమూడో ఏట, 1912లో, ఆమె ఊళ్లోని ఒక కుండల కంపెనీలో రంగులద్దే పనికి కుదిరింది. కొంతకాలానికి మరో కంపెనీకి మారి లిథో బొమ్మలు అంటించే పని నేర్చుకుంది. 1916లో బర్‌స్లెమ్‌లోని ఎ.జె. విల్కిన్సన్ కంపెనీలో చేరింది. ఆ ఊళ్లలో ఆడపిల్ల ఏదో ఒక పనిలో చేరితే సాధారణంగా జీవితాంతం ఆ పనిలోనే ఉండేది. గీతలు వేసే పిల్ల గీతలే, రంగు నింపే పిల్ల రంగే. క్లారిస్ మాత్రం ఒక పని తర్వాత ఇంకో పని నేర్చుకుంటూ పోయింది, సాయంత్రం వేళ ఆర్ట్ స్కూలు తరగతులకు వెళ్లింది, 1920లలో నమూనాలు మలిచే విద్య కోసం మళ్లీ అప్రెంటిస్‌గా చేరింది. కాలనిర్ణయానికి ఈ జీవితకథతో సంబంధం ఉంది. మట్టి, ఆకారం, రంగు, ముద్ర అనే నాలుగు దశలూ వేర్వేరు చేతుల్లో, వేర్వేరు గదుల్లో జరిగే పనులని ఆమెకు ఒంటబట్టిన జ్ఞానం. ఆమె పేరుతో వచ్చిన సామానంతా ఆ విడివిడి దశల మీద నిలబడినదే.

ఆ దశలు ఎంత విడిపోగలవో ఆమె మొదటి ప్రయోగమే చూపిస్తుంది. విల్కిన్సన్ యజమానులు 1920లో పక్కనే ఉన్న న్యూపోర్ట్ పాటరీని కొన్నారు. దానితో పాటు గోదాముల నిండా పాత ఫ్యాషన్ తెల్ల సామాను వచ్చింది. అందులో చాలా వాటికి చిన్న చిన్న లోపాలు, అందుకే అమ్ముడుపోలేదు. 1927లో కంపెనీ పెద్ద కాలీ షార్టర్ న్యూపోర్ట్‌లో క్లారిస్‌కు ఒక స్టూడియో ఇచ్చాడు. గ్లాడిస్ స్కార్లెట్ అనే అమ్మాయిని సాయం పెట్టుకుని ఆమె ఆ పాత సామాను మీద దట్టమైన రంగుల్లో త్రిభుజాలు వేయించింది. లోపాలు రంగు కింద దాగాయి, పాత ఆకారం కొత్త చొక్కా తొడుక్కుంది. దానికి ఆమె పెట్టిన పేరు బిజార్. 1928లో బజారులోకి వచ్చిన ఆ సరుకు అమ్ముడుపోవడం చూసి కంపెనీ వాళ్లే ఆశ్చర్యపోయారు. ఇప్పుడు అలాంటి జగ్గు ఒకటి మన ముందు ఉందనుకుందాం. మట్టి 1920కి ముందుది కావచ్చు, ఆకారం ఇంకా పాతది కావచ్చు, బొమ్మ 1927 తర్వాతది, ముద్ర 1928 తర్వాతది. మట్టినీ ఆకారాన్నీ చూసినవాడు ఇది మొదటి ప్రపంచయుద్ధ కాలానిది అంటాడు. ముద్ర చూసినవాడు 1928 అంటాడు. ఇద్దరూ చూసింది నిజమే, కానీ వస్తువు ఆ రూపంలో లోకం ముందుకు వచ్చింది చివరి తేదీనే.

మట్టి తేదీ కొన్ని పళ్లాల మీద బాహాటంగానే ఉంటుంది. అడుగును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, గ్లేజు కింద గుంటగా, రంగు లేకుండా, గీతకు అటూ ఇటూ రెండు అంకెలు కనిపిస్తాయి: ఒకటి నెల, ఇంకోటి సంవత్సరం చివరి రెండు అంకెలు. మట్టి పచ్చిగా ఉండగానే నొక్కిన ముద్ర అది. తేదీయే దొరికాక ఇంకేం కావాలని సేకర్తలు సంబరపడతారు. అయితే ఆ అంకెలు చెప్పేది పళ్లెం అచ్చులోంచి బయటికొచ్చిన కాలం. ఆ తర్వాత అది ఒకసారి బట్టీలో కాలి, గ్లేజులో మునిగి రెండోసారి కాలి, తెల్ల పళ్లెంగా అరలో కూర్చుంటుంది. ఆర్డరు వచ్చిన రోజునే దాని మీద రంగు పడుతుంది, అప్పుడు మూడోసారి కాలుతుంది. అరలో ఎన్నాళ్లు కూర్చుందో నొక్కుడు ముద్ర చెప్పదు. వారాలు కావచ్చు, ఏళ్లు కావచ్చు. కాబట్టి ఆ అంకెలు పళ్లెం ఇంతకంటే పాతది కాదని హామీ ఇస్తాయి, ఇంతకంటే కొత్తది కాదని మాత్రం చెప్పవు. రిజిస్టర్డ్ డిజైన్ నంబరుకీ ఇదే సూత్రం. బ్రిటన్‌లో 1884లో ఒకటితో మొదలైన ఆ వరుస 1930 నాటికి 7,50,000 దాటింది. నంబరును బట్టి ఆకారం ఎప్పుడు నమోదైందో కచ్చితంగా తెలుస్తుంది, ఆ నంబరున్న పళ్లెం ఎప్పుడు తయారైందో తెలియదు. ఇంగ్లండ్ అన్న మాటైతే మరీ వెడల్పైన వల: దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1891 నుంచి పట్టుబట్టడంతో అది ఎగుమతి సామాను మీదికి ఎక్కింది. క్లారిస్ సామానుకు దానితో ఒరిగేదేమీ లేదు.

ఇక బొమ్మ తేదీ. ఇది ఎంత మోసం చేయగలదో క్రోకస్ చూపిస్తుంది. ఆమె డిజైన్లన్నిటిలో ఎక్కువకాలం బతికినది ఇదే. 1928లో మొదలై 1960ల తొలి ఏళ్ల దాకా నడిచింది. దాన్ని దగ్గరగా చూడండి. పై అంచున పసుపు పట్టీ, అది ఎండ. కింద గోధుమరంగు పట్టీ, అది నేల. నడుమ నారింజ, నీలం, ఊదా రంగుల్లో పూలు. ఒక్కో రేకు కుంచె ఒక్కసారి ఆనించి తీసిన గుర్తు, దానికి గీసిన హద్దు లేదు, దిద్దిన అంచు లేదు. పూలయ్యాక అమ్మాయి పాత్రను తలకిందులు చేసి సన్నటి ఆకుపచ్చ గీతలతో ఆకులు వేసేది. పట్టీలకు చిన్న సారె ఉండేది: పాత్ర తిరుగుతుంది, కుంచె కదలకుండా ఆనుతుంది, వలయం దానంతటదే పడుతుంది. రేకు మీద వేలి కొస నెమ్మదిగా జరిపితే రంగు ఎత్తు తగులుతుంది, ఎందుకంటే అది గ్లేజు కింద కాకుండా గ్లేజు మీద వేసిన ఎనామెల్. ఈ బొమ్మ మొదట ఎథెల్ బారో అనే అమ్మాయి చేతుల్లో కుదురుకుంది, తర్వాత గది నిండా అమ్మాయిలు ఇదే వేశారు. మూడున్నర దశాబ్దాలు అదే రేకు, అదే ఆకు. కాబట్టి ఇది క్రోకస్ అన్నంత మాత్రాన దొరికేది ముప్పై అయిదేళ్ల వెడల్పు. అందులో ఏ మూల అన్నది చెప్పడానికి మిగతా సాక్షుల్ని పిలవాలి.

ఆ సాక్షుల్లో నమ్మదగినది ఆకారం, ఎందుకంటే ఆకారం కావాలంటే అచ్చు కావాలి, అచ్చు లేని కాలంలో ఆ పాత్ర ఉండే వీల్లేదు. గరాటు కోణంతో, గుల్ల లేని త్రిభుజపు పిడితో ఉండే కోనికల్ వరుస 1929లో వచ్చింది. స్టామ్‌ఫర్డ్ టీ సెట్టు 1930లో. దళసరి చక్రాన్ని నిలబెట్టి చిన్న కాళ్లు తగిలించినట్టుండే బాన్‌జూర్, నలుచదరపు పళ్లెం నడుమ గుండ్రటి గుంటతో ఉండే బియారిట్జ్ 1933లో. ఇప్పుడు ఒక లెక్క కడదాం. బాన్‌జూర్ ఆకారపు టీ పాట్ మీద క్రోకస్ పూలు, అడుగున బిజార్ అన్న మాటతో ముద్ర. క్రోకస్ వల్ల 1928 తర్వాత అని తెలుస్తుంది. బాన్‌జూర్ వల్ల ఆ హద్దు 1933కి జరుగుతుంది. బిజార్ అన్న మాటను కంపెనీ 1936 ప్రాంతంలో వదిలేసి, క్లారిస్ క్లిఫ్ పేరును మాత్రమే ఉంచింది కాబట్టి పై హద్దు అక్కడ ఆగుతుంది. ముప్పై అయిదేళ్లు మూడేళ్లకు కుదించుకున్నాయి. ఏ ఒక్క సాక్షీ ఒంటరిగా ఈ మాట చెప్పలేదు. ఒకరు కింది హద్దు చెప్పారు, ఇంకొకరు దాన్ని పైకి జరిపారు, మూడోవారు తలుపు మూశారు. అదే క్రోకస్ బిజార్ అన్న మాట లేని ముద్రతో దొరికితే లెక్క మారుతుంది, అక్కడ యుద్ధం సాక్షిగా వస్తుంది. 1942 నుంచి బ్రిటన్ లోపల అమ్మే పింగాణీ మీద అలంకరణ నిషేధం, సాదా తెల్ల సామానే అమ్మాలి. 1952లో గానీ ఆ కట్టడి పోలేదు. రంగుల సామాను ఆ పదేళ్లూ ఎగుమతికే.

దీనికి మొదటి అభ్యంతరం ఇలా వస్తుంది: ముద్ర వేసింది కంపెనీయే కదా, తన సరుకు గురించి కంపెనీకంటే ఎవరికి ఎక్కువ తెలుసు, ముద్రల క్రమం తెలిసినప్పుడు ఇంత గొడవ ఎందుకు? ముద్రల క్రమం విలువైనదే, దాన్ని నేను తోసిపుచ్చడం లేదు. తొలి రోజుల్లో చేత్తో రాసిన బిజార్, తర్వాత రబ్బరు స్టాంపు, తర్వాత సంతకంలా అచ్చైన పేరు అన్న వరుస నిజంగానే దారి చూపిస్తుంది. కానీ ముద్ర వేసిన ఉద్దేశం అమ్మకం. అది చరిత్రకారుడి కోసం పడింది కాదు. పాత స్టాంపు చేతిలో ఉంటే కొత్త స్టాంపు వచ్చాక కూడా వాడతారు, న్యూపోర్ట్ పేరూ విల్కిన్సన్ పేరూ పక్కపక్క కార్ఖానాల్లో ఒకే కాలంలో నడుస్తాయి. పైగా అందరికంటే ముందు నకిలీగాడు చేసేది ముద్రే. ఆకారానికి అచ్చు కావాలి, రేకుకు ఏళ్ల అలవాటు కావాలి. ముద్రకు ఒక స్టాంపు చాలు. సులభంగా దొంగిలించగలిగే సాక్ష్యం మీదే తీర్పంతా ఆనించడం వివేకం కాదు. ముద్రను సాక్షిగా పిలుద్దాం, తీర్పు మాత్రం దాని చేతికి ఇవ్వొద్దు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కుంచె జాడ, గ్లేజు రంగు, చేతి ఒడుపు అనేవి చూసేవారి కంటిని బట్టి మారే విషయాలు, అవి చరిత్రకు ఆధారాలు ఎలా అవుతాయని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఒక రేకును చూసి ఇది ఫలానా సంవత్సరం, ఫలానా అమ్మాయి అని ఎవరైనా చెబితే నేనూ నమ్మను. కుంచె జాడ తేదీ ఇవ్వదు. అది చేసే పని వేరు: మిగతా ఆధారాలు చెప్పే కథకు లొంగుతుందా, ఎదురు తిరుగుతుందా అని పరీక్షించడం. అందులో కంటి అభిప్రాయంతో పని లేని భౌతిక గుర్తులు చాలా ఉన్నాయి. విల్కిన్సన్ వాళ్ల అసలు గ్లేజు తేనె చాయలో, వెచ్చటి దంతపు రంగులో, సమంగా పరుచుకుని ఉంటుంది. నకిలీల మీద అది మసకగా, ఎక్కువతక్కువలుగా కనిపిస్తుంది. అసలు పనిలో అమ్మాయి దినమంతా అదే గీత వేసి వేసి చేతికి పట్టిన వేగం ఉంటుంది. నకలు చేసేవాడు చూసి గీస్తాడు కాబట్టి గీత మధ్యలో ఆగుతుంది, వణుకుతుంది, రెండోసారి దిద్దుకుంటుంది. ఈ తేడా భూతద్దంలో చూపించవచ్చు, పదిమందీ చూడవచ్చు. లిపి పరిణామం కూడా ఒకప్పుడు పండితుడి కంటి తీర్పుగానే మొదలైంది, వందల శాసనాలు పక్కపక్కన పెట్టి చూశాకే శాస్త్రమైంది. ఇక్కడా అంతే. 1972లో బ్రైటన్‌లో జరిగిన ప్రదర్శన, 1982లో లెనర్డ్ గ్రిఫిన్ మొదలుపెట్టిన సేకర్తల సంఘం, అప్పటికి బతికి ఉన్న పాత రంగుల అమ్మాయిల మాటలు నమోదు చేయడం, వీటన్నిటి వల్ల పోల్చి చూసే సామగ్రి పోగుపడింది.

కుంచెను వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక రకం మోసం చాలు. అసలైన పాత సామానే, తక్కువ ధర పలికే సాదా పళ్లెమో జగ్గో తీసుకుంటారు. ఉన్న రంగు గీకేసి, అరుదైన బొమ్మ ఒకటి కొత్తగా వేస్తారు. అప్పుడు మట్టి నిజం, ఆకారం నిజం, అడుగు ముద్ర కూడా నిజం. నాలుగు తేదీల్లో మూడు సత్యమే చెబుతాయి, నాలుగోది ఒక్కటే అబద్ధం, ఆ ఒక్కదాని మీదే ధర నిలబడి ఉంటుంది. అడుగు చూసి తృప్తిపడేవాడికి ఇది ఎన్నటికీ దొరకదు. అతినీలలోహిత కాంతిలో పెడితే తర్వాత వేసిన రంగులు, మరమ్మతు పూతలు వేరుగా మెరుస్తాయి. వాడకంతో అడుగున పడ్డ గీతలకూ పైన రంగు అరుగుదలకూ పొంతన కుదరదు. అడుగు డెబ్బై ఏళ్లు అరిగి, బొమ్మ నిన్న ఆరినట్టు ఉంటే ఏదో ఒకటి సాక్ష్యం తప్పుతోందన్నమాట. వీటికి భిన్నంగా 1985లో మిడ్‌వింటర్, 1990లలో వెడ్జ్‌వుడ్ తీసుకొచ్చిన పునర్ముద్రణలు మోసాలు కావు. తమ కాలాన్ని తమ ముద్రలోనే చెప్పుకున్న నిజాయితీ సరుకు అవి.

మూడో అభ్యంతరం తేదీకి సంబంధించింది కాదు, కానీ దాన్ని దాటి పోకూడదు. వేసింది ఎవరెవరో అమ్మాయిలైతే, క్లారిస్ క్లిఫ్ సామాను అని ఎందుకనాలి? ముద్రలో ఉన్న ఆమె సంతకం చేవ్రాలు కాదు, అచ్చు. ఒక దశలో దాదాపు 70 మంది యువ చిత్రకారులు ఆ పేరు కింద పనిచేశారు. నలుగురు అబ్బాయిలు తప్ప అందరూ అమ్మాయిలే. ఒకరు హద్దు గీస్తే, ఒకరు రంగు నింపితే, ఇంకొకరు పట్టీ వేస్తే ఒక పళ్లెం అయ్యేది. 1930లలో లారా నైట్ వంటి పేరున్న చిత్రకారుల డిజైన్లతో సామాను తీసినప్పుడు అడుగున డిజైన్ చేసినవారి పేరూ బిజార్ బై క్లారిస్ క్లిఫ్ అన్న మాటా రెండూ పడ్డాయి. యుద్ధం తర్వాత అమెరికాకు వెళ్లిన టోన్క్విన్ వంటి ట్రాన్స్‌ఫర్ సామాను మీద ఆమె పేరు ఉంది, కుంచె జాడే లేదు. అంటే ఆ పేరు ఒక్కో కాలంలో ఒక్కో మాట చెప్పింది. 1928లో ఇది నా ఆలోచన అంది, 1934 నాటికి ఇది నా పర్యవేక్షణ అంది, 1950లలో ఇది మా కంపెనీ బ్రాండ్ అంది. ఏ అర్థంలో చదవాలో తేలాలంటే ముందు తేదీ తేలాలి. కాలనిర్ణయం కావాల్సింది వేలంపాట కోసమే అనుకునేవారికి నా జవాబు ఇది. 1930లో ఆర్ట్ డైరెక్టర్ అయిన కార్మికుడి కూతురి ఆలోచన ఎక్కడి దాకా, ఆమె కింద కూర్చున్న అమ్మాయిల ఒడుపు ఎక్కడి నుంచి, కంపెనీ వ్యాపారం ఎక్కడ మొదలు అన్నవి తేదీ లేకుండా విడదీయలేం.

అందుకే పళ్లాన్ని బోర్లించి పేరు చదవడంతో పని సగమే అవుతుంది. దాన్ని మళ్లీ తిప్పి నిలబెట్టి పైవైపు చూడాలి. అడుగున ఉన్నది ఒక్క స్త్రీ పేరు. ఆ పేరు సాధించుకోవడానికి ఆమె పదమూడో ఏట నుంచి కష్టపడింది, అది ఆమెకు దక్కాల్సిందే. పైన, పసుపు పట్టీకీ గోధుమ పట్టీకీ నడుమ, ఒక్క ఊపులో పడిన నారింజ రేకు ఉంది. దానికి ఏ పేరూ లేదు. 1933కీ 1936కీ నడుమ ఒక రోజు బర్‌స్లెమ్‌లో ఒక అమ్మాయి కుంచె ఆనించి తీసిన క్షణం అది. ఆమె పేరు మనకు దొరక్కపోవచ్చు. ఆమె ఏ ఏళ్లలో ఆ బల్ల ముందు కూర్చుందో మాత్రం నాలుగు తేదీలు సరిగ్గా చదివితే దొరుకుతుంది. పేరు దక్కని చేతికి చరిత్ర ఇవ్వగలిగిన గౌరవం అదే, కనుక అది కచ్చితంగా ఇవ్వాలి.

వచ్చే భాగంలో: 1929లో, తన ఇరవై ఏడో ఏట, ఉద్యోగం వదిలి సొంత కంపెనీ పెట్టుకున్న సూసీ కూపర్, ఆమె ముద్రలో గెంతే లేడి.